పక్కింట్లో నగల పార్టీకి పోయి రావడం ఎలా

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన టైముకు వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. "రేపు సాయంత్రం నాలుగింటికి మా ఇంట్ల వన్ గ్రామ్ గోల్డ్ కలెక్షన్ పెట్టిస్తున్నం. అందరు తప్పకుండ రావాలె. కొనకున్నా పర్వాలేదు, చూసి పోండ్రి." కింద నాలుగు పువ్వుల బొమ్మలు. పాలమూరులో పద్మావతి కాలనీ కానీ, మెట్టుగడ్డ కానీ, అటు నల్లగొండలో రామగిరి కానీ, శ్రావణమాసం ముందు, బతుకమ్మ ముందు, లగ్గాల సీజన్‌లో ఈ మెసేజ్ మామూలైపోయింది.

"కొనకున్నా పర్వాలేదు" అన్న మాట అబద్ధమేమీ కాదు. కానీ పిలిచిన వదిన చాయ్ గ్లాసు చేతికిచ్చి మన మొహంలోకే చూస్తుంటే ఆ మాట గుర్తుండదు. నాకు గుర్తుండలేదు. ఒకసారి అవసరం లేక, నచ్చక, కేవలం మొహమాటానికి 1,800 రూపాయలు పెట్టి ఒక హారం కొన్నాను. రెండోసారి పెట్టుకున్నది జడ్చర్లలో చుట్టాల పెళ్లికి. ఎండాకాలం, చెమట. భోజనాల దగ్గర మా ఆడపడుచు నా మెడ చూసి "ఏంది వదినా, గంధం పూసుకున్నవా, పసరు పూసుకున్నవా?" అంది. మెడ చుట్టూ పచ్చటి గీత. చెమటకు లోపలి రాగి అట్లా రంగు దిగుతుందని తర్వాత తెలిసింది. ఆ హారం ఇప్పటికీ బీరువాలోనే ఉంది, నాకు బుద్ధి చెప్పడానికి. ఈ పార్టీలకు పోవడం మాత్రం నేను మానలేదు. పోయే పద్ధతి మార్చుకున్నాను.

జవాబు పెట్టే ముందు

వెంటనే చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకండి. పిలిచిన ఆమెకు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. ఒకటి, వచ్చేది వన్ గ్రామా, వెండా, అసలు బంగారమా? రెండు, అమ్మే ఆమె ఎవరు, ఎక్కడి నుంచి వస్తుంది, తర్వాత దొరుకుతుందా? "మా చెల్లె తోటికోడలు, ఇక్కడే ఏనుగొండలో ఉంటది" అంటే ఒక లెక్క. "హైదరాబాద్ నుంచి వస్తరట, నాకు ఇన్‌స్టాగ్రామ్‌ల పరిచయం" అంటే ఇంకో లెక్క. రెండో రకం దగ్గర కొనకూడదని కాదు, కొన్నాక రాయి ఊడితే ఎవరి దగ్గరికి పోవాలో ముందే ఆలోచించుకోవాలని.

మూడోది కూడా ఉంది కానీ అది అడగక్కర్లేదు, తెలుసుకుని ఉంటే చాలు. ఇల్లు ఇచ్చి, నలుగురిని పిలిచిన ఆమెకు సాధారణంగా ఏదో ఒకటి ముడుతుంది. ఒక జత గాజులు ఊరికే ఇస్తారు, లేదా ఆమె కొన్నదాంట్లో తగ్గిస్తారు, లేదా అమ్మకం మీద ఇంత అని ఇస్తారు. ఇందులో తప్పేమీ లేదు. ఇల్లు ఊడ్చి, చాపలు వేసి, బజ్జీలు వేసేది ఆమే కదా. కాకపోతే "ఇది నీకు మస్తు సూటైతది" అన్నప్పుడు ఆ మాట బరువు ఎంతో మనకు తెలుస్తుంది.

పోవడం ఇష్టం లేకపోతే అదే రోజు చెప్పండి. సాయంత్రం మూడున్నరకు "తలనొప్పి" అని పెట్టే మెసేజ్‌ను ఎవరూ నమ్మరు, మీరు కూడా నమ్మరు.

ఏం తీసుకుపోవాలి

డబ్బు సంగతి ఇంట్లోనే తేల్చుకోండి. 500 అంటే 500. ఆ నోటు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. ఫోన్‌లో యూపీఐ ఉంది కాబట్టి హద్దు నిలవదు అంటారా, నాకూ నిలవలేదు. అందుకే ఇప్పుడు ఇంట్లో మా పాపకు చెప్పి పోతాను: "ఇయ్యాల్ల 700 దాటితే నన్ను అడుగు." పిల్లలు ఇట్లాంటివి మర్చిపోరు.

చేతికి సరిగ్గా పట్టే పాత గాజు ఒకటి బ్యాగులో వేసుకోండి. గాజుల సైజులు 2.4, 2.6, 2.8 అని చెప్తారు కదా, అవి దశాంశాలు కావు. 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు అంగుళాలు, గాజు లోపలి అడ్డకొలత. సెంటీమీటర్లలో దాదాపు 5.7. అట్లనే 2.6 అంటే 6 సెంటీమీటర్లు, 2.8 అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు, 6.35 సెంటీమీటర్లు. ఇంట్లో పిల్లల స్కేలుతో కొలుచుకుంటే చాలు. అక్కడ పది జతలు చేతికి ఎక్కించి, తీసేటప్పుడు సబ్బు అడిగే పని ఉండదు. కడియాలకు, ఒకే పెద్ద గాజుకు కొంచెం పెద్ద సైజు పడుతుంది, అది మాత్రం వేసుకుని చూడాల్సిందే.

ఏదైనా చీర మీదికి చూస్తుంటే ఆ చీర జాకెట్టు పట్టుకుపోండి. ఫోటో పనికిరాదు, ఫోన్‌లో మెరూన్ ఎరుపవుతుంది, చిలకపచ్చ ఇంకేదో అవుతుంది. మన వైపు గద్వాల చీరకు ఒంటి నూలు, అంచు పట్టు, అంచులో జరీ బాగా కనబడుతుంది. దాని మీద తళతళలాడే పాలిష్ నగ పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. మ్యాట్ ఫినిష్ వేసిన గుండ్ల హారమో, కాసులపేరో పెట్టి చూడండి. నారాయణపేట చీర గళ్లు, వెడల్పంచు ఉన్నదైతే మెడకు ఒక్క వరస చాలు, చెవులకు పెద్ద బుట్టలు పెట్టుకోవచ్చు. ఇది నా రుచి. మా అమ్మ దీనికి ఒప్పుకోదు, ఆమెకు ఎంత మెరిస్తే అంత నగ.

మీ ఒంటి మీద అసలు బంగారం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఎందుకో కింద చెప్తాను.

చాప మీద కూర్చున్నాక

ముందుగా వచ్చినవాళ్లకు మంచివి దొరుకుతాయన్నది నిజమే. కానీ మరీ ముందు పోతే అమ్మే ఆమె ఒక్కో డబ్బా విప్పుతూ ఒక్కో నగ మీ మెడకే పెట్టి చూపిస్తుంది. అరగంట ఆగి పోండి. అప్పటికి నలుగురైదుగురు చేరి ఉంటారు, అందరి చూపూ మీ మీద పడదు.

కూర్చోవడం కిటికీ పక్కన కూర్చోండి. హాల్లో పసుపు రంగు బల్బు కింద పెడితే ఇత్తడి కూడా మేలిమి బంగారంలా ఉంటుంది. నచ్చిన నగను ఒకసారి వరండాలోకి తీసుకుపోయి పగటి వెలుగులో చూడండి, అమ్మే ఆమెకు చెప్పి. చెప్పకుండా లేచి పోతే బాగుండదు.

ఇక మీ సొంత నగలు. కొత్త కమ్మలు చూడాలని నా చెవులకున్న బంగారు దిద్దులు తీసి, చేతికి దగ్గరగా ఉంది కదా అని వాళ్ల ట్రేలోనే పెట్టాను. మాటల్లో పడ్డాను. దీపాల వేళకు అందరం లేచాం, ఆమె డబ్బాలన్నీ సర్దేసింది. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటుంటే చెవులు బోసిగా తగిలాయి. ఆ గంట నేను పడ్డ టెన్షన్ చెప్పలేను. ఆమెకు ఫోన్ చేస్తే బస్టాండులో ఉంది, పాపం బస్సు ఎక్కకుండా ఆగి, డబ్బాలన్నీ బెంచీ మీద విప్పింది. 250 రూపాయల బుట్టల పక్కన నా దిద్దులు, అట్టముక్కకు కూడా గుచ్చి ఉన్నాయట. మంచి మనిషి కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి చిన్న జిప్ కవర్ ఒకటి తీసుకుపోతాను. తీసిన నగ అందులోకి, కవర్ పర్సులోకి, పర్సు ఒళ్లోకి.

ఇదే లెక్క వాళ్ల నగలకు కూడా. ఒకటి చూసి, దాని జాగాలో పెట్టి, ఆ తర్వాతే రెండోది తీయండి. మెడకు ఒకటి, చేతికి ఒకటి, ఒళ్లో ఒకటి వద్దు. ఒక్క కమ్మ కనబడకపోతే గదంతా మూగబోతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు, కానీ అందరూ తమ తమ హ్యాండ్‌బ్యాగులు దులిపి చూపించుకుంటారు. ఒకసారి మా వీధిలో అట్లా పోయిన కమ్మ చివరికి ఒక పిల్ల గౌను లేసుకు తగులుకుని దొరికింది. దొరికిన తర్వాత కూడా చాలాసేపు ఎవరూ నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగు పెద్దదైతే ఇంట్లోనే పెట్టి రండి, చిన్న పర్సు చాలు.

బజ్జీలు వచ్చాక చేతులు తుడుచుకుని నగ ముట్టుకోండి. నూనె వేలు మ్యాట్ నగ మీద మచ్చలా కనబడుతుంది. కమ్మలు చెవికి గుచ్చుకుని చూడటం కంటే చెవి దగ్గర పట్టుకుని అద్దంలో చూడటం మంచిది, అప్పటికే అవి ఎన్ని చెవులు తిరిగి వచ్చాయో మనకు తెలియదు. తప్పదంటే స్పిరిట్ దూదితో తుడవమనండి. ముక్కుపుడక మాత్రం అసలే పెట్టి చూడొద్దు.

చేతిలో ఉన్నదేమిటి

వన్ గ్రామ్ గోల్డ్ అన్న పేరు చూసి అందులో ఒక గ్రాము బంగారం ఉందనుకోకండి. లోపల రాగి, ఇత్తడి లాంటి లోహం, పైన పలచటి బంగారు పూత. ఆ పూత ఎంత మందం ఉంటే అంత కాలం మెరుస్తుంది. దీనికి అక్కయ్య లాంటిది మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్ గోల్డ్, మన అమ్మమ్మల కాలం నుంచి వాడుకలో ఉన్నదే. కాబట్టి "ఇది ఏ ఊరి మాలు?" అని అడగడం చాదస్తం కాదు.

చేత్తో చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. నగను తిప్పి వెనక చూడండి. ముందు వైపు ఎవరైనా అందంగా చేస్తారు, పని నాణ్యత వెనక తెలుస్తుంది. రాళ్లు కొక్కేల్లో బిగించారా, జిగురుతో అతికించారా? జిగురుదైతే చెమటకు, తడికి ముందు ఊడేది అదే. రాయి మీద గోటితో మెల్లగా తడమండి, కదులుతుంటే పక్కన పెట్టేయండి. కమ్మల వెనక మర తిప్పి చూడండి, రెండు చుట్లకే బిగుసుకుపోతే రేపు పెళ్లిలో ఊడిపోతుంది. ఏడీ స్టోన్, సీజెడ్ అని రెండు ధరలు చెప్తే ఒకసారి ఆగండి, అమెరికన్ డైమండ్ అన్నా క్యూబిక్ జిర్కోనియా అన్నా ఒకే రాయి. తేడా కోతలో, బిగింపులో ఉండొచ్చు, పేరులో లేదు.

అయస్కాంతం పెట్టి చూసే అక్కలు ఉంటారు. అది అంటుకుంటే లోపల ఇనుము లాంటి లోహం ఉందని అర్థం, అది వద్దు. అంటుకోకపోతే మాత్రం బంగారమని కాదు, ఇత్తడికి, రాగికి కూడా అయస్కాంతం అంటుకోదు. ముత్యాలను పంటి మీద రుద్దితే అసలుది ఇసకలా గరగరలాడుతుంది, ప్లాస్టిక్ నున్నగా జారుతుంది. పరీక్ష నిజమే, కానీ కొనని దండను నోట్లో పెట్టుకోవద్దు తల్లీ. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రాసి చూసినా అదే గరగర తెలుస్తుంది.

చవక కమ్మలు పెట్టుకుంటే చెవి దురద పెట్టి, నీరు కారేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. "నా చెవికి బంగారమే పడుతుంది" అని గొప్పగా చెప్పుకుంటారు కానీ, ఎక్కువసార్లు దానికి కారణం నికెల్. చెమటకు అది బయటికి వచ్చి చర్మానికి పడదు. అట్లాంటివాళ్లు వేలాడే భాగం ఎంత నచ్చినా చెవిలోకి పోయే కాడ ఏ లోహమో అడగాలి. చెప్పలేకపోతే హారం తీసుకోండి, కమ్మలు వదిలేయండి.

పుస్తెలతాడు గురించి ఒక మాట. 2025లో 10 గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటాక, మెడలో గొలుసులు తెంపుకుపోయే దొంగల భయం కూడా తోడై, అసలుది లాకర్లో పెట్టి రోజువారీకి పూత తాడు వేసుకునేవాళ్లు పెరిగారు. అట్లా రోజూ ఒంటి మీద ఉండేదానికి డిజైన్ కంటే పూత, కొక్కెం ముఖ్యం. స్నానం నీళ్లు, పసుపు, చెమట అన్నీ దాని మీదే. ఎన్ని నెలలకు మళ్లీ పూత వేయించాలి, వేసిస్తారా, ఎంత తీసుకుంటారు అని అడిగాకే కొనండి.

అసలు బంగారం చాప మీదికి వస్తే పార్టీ మూడ్ పక్కన పెట్టండి. నగ మీద మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాలు-అంకెల హెచ్‌యూఐడీ. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరు అక్షరాల నంబర్ ఉండాలన్నారు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే నగ రకం, స్వచ్ఛత కనబడతాయి. మీ చేతిలో ఉన్నది గొలుసు, యాప్‌లో ఉంగరం అని వస్తే చాయ్ తాగి వచ్చేయండి. 2 గ్రాముల లోపు నగలకు, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్లకు మినహాయింపు ఉంది, ఇంట్లో అమ్మేవాళ్లు ఆ మాటే చెప్తారు. మినహాయింపు వాళ్లకు, డబ్బులు మనవి. నా మటుకు నేను ముద్ర, బిల్లు లేని బంగారం ఎవరింట్లోనూ కొనను, సొంత అక్క ఇంట్లో కూడా. ఇంకొకటి, తులం లెక్కలో మాట్లాడొద్దు. పాత లెక్కకు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులం అంటున్నారు. గ్రాముల్లో అడగండి, రాళ్ల బరువు తీసేసి అడగండి, తరుగు, మజూరీ విడివిడిగా రాయమనండి.

ధర, బేరం, ఉద్దెర

బేరం ఆడొచ్చు, కానీ అందరి ముందు గొంతు పెంచి కాదు. "రెండు తీసుకుంటే ఎంతకిస్తవక్కా?" అన్నది ఈ పార్టీల్లో బాగా పనిచేసే ప్రశ్న. పక్కింటి ఆమెతో కలిసి తీసుకుంటే ఇంకా మంచిది. "ఇదే ఆన్‌లైన్‌ల 300కే ఉంది" అని చాప మధ్యలో కూర్చుని అనకండి. నిజమైనా సరే. కావాలంటే పక్కకు పిలిచి చూపించండి, చాలాసార్లు తగ్గిస్తారు. నగల ఫోటోలు కూడా అడిగి తీయండి, డిజైన్లు బయటికి పోతాయని వాళ్లకు భయం.

"బేగంబజార్ పోతే చార్జీలే ఐదొందలు అయితయ్" అన్న వాదన ఇప్పుడు చెల్లదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. పాలమూరు నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్లు. కానీ ఒక రోజు పోతుంది, కాళ్లు పోతాయి. ఒక్క జత కమ్మలకు నేను పోను. ఇంట్లో పెళ్లి ఉండి వడ్డాణం, చంపసరాలు, పాపిడిబిళ్ల సెట్టు మొత్తం కావాలంటే మాత్రం పార్టీలో కొనే ముందు ఒకసారి పోయి చూసి రావడమే మేలు.

"పైసలు నెల నెల ఇయ్యి, ఏమైతది" అన్నప్పుడే జాగ్రత్త. ఆ ఉద్దెర అమ్మే ఆమెకూ మీకూ మధ్య ఉండదు. ఆమె పోతుంది, అడిగేది ఇల్లు ఇచ్చిన వదిన. రోజూ పాల ప్యాకెట్ దగ్గర కనబడే మనిషికి 400 బాకీ ఉంటే, ఇద్దరూ మొహాలు తిప్పుకుని తిరగాల్సి వస్తుంది. ఉన్నదానికే కొనండి. యూపీఐ కొట్టేటప్పుడు స్క్రీన్ మీద వచ్చిన పేరు పైకి చదివి, ఆమె అవునన్నాకే పిన్ కొట్టండి. శుక్రవారం దీపం పెట్టినంక పైసలు ఇవ్వననే మా పక్కింటి పెద్దమ్మ కూడా యూపీఐకి అడ్డు చెప్పదు, అది పైసల కిందికి రాదట.

చీటీ మీద అయినా రాయించుకోండి: తేదీ, నగ పేరు, ధర, మార్చుకునే గడువు. "ఆరు నెలల గ్యారంటీ" అంటే పూతకా, రాళ్లకా అని అడిగి, ఆ జవాబు వాట్సాప్‌లో పెట్టమనండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, పక్కవాళ్లు కూడా "మాకూ పెట్టండ్రి" అంటారు.

వద్దని ఎట్లా చెప్పాలి

"మా ఆయన్ను అడిగి చెప్తా" అనేది మనందరం వాడే మాట. ఆ పూటకు పనికొస్తుంది, మర్నాడు "అన్న ఏమన్నడు?" అని ఫోన్ వస్తుంది. దానికంటే పోగానే, కూర్చునే ముందే నవ్వుతూ చెప్పేయండి: "వదినా, ఈ నెల నేను చూడనీకే వచ్చిన." మొదట్లో చెప్తే అది కబురు, చివర్లో చెప్తే అది తిరస్కారం. నగ నచ్చకపోతే నగకు వంక పెట్టకండి, "నాకు ఇప్పుడు వద్దు" అంటే చాలు. వంక పెడితే అట్లాంటి వంక లేని ఇంకోటి తీసి చూపిస్తారు.

ఉత్త చేతులతో లేవడానికి మనసు ఒప్పకపోతే 50, 100 రూపాయల్లో ఏదో ఒకటి ఉంటుంది. జడ క్లిప్పులు, చీర పిన్నులు, బొట్టు బిళ్లలు. రేపైనా వాడుకునేదే తీసుకోండి. కొనకపోయినా బొట్టు పెట్టించుకుని, చాయ్ గ్లాసు వంటింట్లో పెట్టి, చాపలు మడవడానికి ఒక చేయి వేసి రండి. కొన్నవాళ్లందరూ పోయాక చాప మడిచిన మనిషిని ఆమె ఎక్కువ రోజులు గుర్తు పెట్టుకుంటుంది.

ఒక్క చోట మాత్రం మొహమాటం అసలు పనికిరాదు. నగలు సగంలో ఆపి, "మీరూ చేరండి, ఐదు వేలు కట్టండి, మీ కింద నలుగురిని చేర్పిస్తే నెలకింత వస్తది" అని మొదలుపెడితే లేచిపోండి. డైరెక్ట్ సెల్లింగ్‌కు 2021 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. చేరడానికి ఫీజు తీసుకోకూడదు, మనుషుల్ని చేర్పించే గొలుసు స్కీములు నిషేధం. ఏదైనా కంపెనీ పేరు చెప్పి డబ్బు కట్టించుకుంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇంటికొచ్చాక

కొన్నది అదే రాత్రి ఇంకోసారి చూడండి, మార్చుకునే గడువు నడుస్తుండగానే. పూత నగ చీర కట్టి, పౌడరు, సెంటు అయ్యాక చివర్లో పెట్టుకోవాలి, ఇంటికి రాగానే మొదట తీయాలి. పొడి బట్టతో తుడిచి, ఒక్కొక్కటి ఒక్కో జిప్ కవర్లో పెట్టాలి. వెల్వెట్ డబ్బాలో అన్నీ కలిపి పోస్తే ఒకదాని రాయి ఇంకోదాన్ని గీస్తుంది. వెండి పట్టగొలుసులు నల్లబడితే పేస్టుతో తోమకండి, గీతలు పడతాయి. దారానికి గుచ్చిన ముత్యాలను నీళ్లలో వేయకండి, దారం పుచ్చుతుంది.

రాయి ఊడితే, రంగు దిగితే ఇల్లు ఇచ్చిన వదినకు కాదు, అమ్మిన ఆమెకే ఫోటో పెట్టండి. అందుకే లేచే ముందు ఆమె నంబర్ తీసుకుని, ఒకసారి మిస్డ్ కాల్ ఇచ్చి, మోగిందని చూసుకుని రండి.